స్తంభాల నడుమ నిలిచిన కార్యదర్శి: రాబర్ట్ గార్డ్‌నర్ ఆట జీవితం

అధ్యక్షులకు, క్రీడా చరిత్ర మీద ఆసక్తితో ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఒక గోల్‌కీపర్ గురించి ప్రసంగించమని అడిగినప్పుడు సాధారణంగా వక్త చేసే పని, ఆయన ఎన్ని గోల్స్ ఆపాడో, ఏ మ్యాచ్‌లో ఏ బంతిని ఎలా దూకి పట్టాడో చెప్పడం. నేను ఎంచుకున్న మనిషి విషయంలో ఆ పని సాధ్యం కాదు. ఆయన ఆడిన కాలంలో గోల్‌కీపర్ ఆపిన బంతులను ఎవరూ లెక్కపెట్టలేదు, పత్రికలు వాటిని ఒక్క వాక్యంలో ముగించేవి. ఆయన పేరు రాబర్ట్ గార్డ్‌నర్. 1847 మే 31న గ్లాస్గోలో పుట్టాడు, 1887 ఫిబ్రవరి 28న, నలభై ఏళ్ళు నిండకుండానే పోయాడు. స్కాట్లండ్ జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్, మొట్టమొదటి గోల్‌కీపర్. దేశం తరఫున ఆడినవి మొత్తం అయిదు మ్యాచ్‌లు, అయిదూ ఇంగ్లండ్ మీదే.

ఈ లెక్కలు చూసి ఇంత చిన్న జీవితం గురించి గంటసేపు ఏం చెబుతాడని మీరు అనుకోవచ్చు. గార్డ్‌నర్‌ను కేవలం గోల్‌కీపర్‌గా చూస్తే నిజంగానే చెప్పడానికి ఎక్కువ లేదు. అయితే ఆయన మొదట ఒక క్లబ్బుకు కార్యదర్శి, తరువాత కెప్టెన్, ఆ పైన జట్టును ఎంపిక చేసినవాడు, వీటన్నిటితో పాటు గోల్ దగ్గర నిలబడ్డవాడు. అమెచ్యూర్ యుగపు, అంటే జీతం తీసుకోకుండా ఆడిన కాలపు, తొలి రోజుల్లో ఆటకు సంబంధించిన పనులన్నీ ఆడేవాళ్ళే పంచుకున్నారు. గోల్ కాయడం ఆ పనుల్లో ఒకటి మాత్రమే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందుగా గోల్‌కీపర్ అనే స్థానం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ఫుట్‌బాల్ సంఘం లండన్‌లో 1863లో మొదటి నియమావళిని రాసినప్పుడు అందులో గోల్‌కీపర్ ప్రస్తావన లేదు. ఆ నియమాల ప్రకారం గాలిలో వచ్చే బంతిని ఏ ఆటగాడైనా చేతులతో పట్టుకోవచ్చు, పట్టుకుంటే అతని జట్టుకు ఫ్రీ కిక్ దొరికేది. 1866లో ఆ వెసులుబాటును తీసేశారు. 1870లో ఒక అడుగు ముందుకు వేసి, ఎవరూ ఏ సాకుతోనూ బంతిని చేత్తో తాకకూడదని శాసించారు. ఆ తరువాతి సంవత్సరమే, 1871లో, జట్టులో ఒక్కరికి, తన గోల్‌ను కాపాడుకోవడం కోసం మాత్రమే, చేతులు వాడే స్వేచ్ఛ ఇచ్చారు. ఎనిమిదేళ్ళ వ్యవధిలో చేతులు అందరివీ అయ్యాయి, ఎవరివీ కాకుండా పోయాయి, చివరికి ఒక్కడివి అయ్యాయి. ఆ ఒక్కడు ఎలా ఉండాలి, ఏ హద్దు దాటకూడదు అన్న విషయాలు తేలడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. పెనాల్టీ ప్రాంతం లోపలే చేతులు వాడాలన్న నియమం 1912లో గానీ రాలేదు. గోల్‌కీపర్ వేరే రంగు చొక్కా తొడుక్కోవాలన్న నియమం 1909 నాటిది. అంటే గార్డ్‌నర్ మైదానంలో నిలబడ్డప్పుడు ఆయనను మిగతా పదిమంది నుంచి వేరుగా గుర్తుపట్టే ఆనవాలు దుస్తుల్లో ఏదీ లేదు.

షెఫీల్డ్ పట్టణానికి ఆ రోజుల్లో తనదైన నియమావళి ఉండేది. అందులో గోల్‌కీపర్‌కు ఇచ్చిన నిర్వచనం చూడండి: ఆ క్షణంలో తన గోల్‌కు అందరికన్నా దగ్గరగా ఉన్న ఆటగాడే గోల్‌కీపర్. మన వీధుల్లో పిల్లలు క్రికెట్ ఆడుతూ, బౌలింగ్ అయిపోయినవాణ్ణి పోయి కీపింగ్ చెయ్యమన్నట్టుగా, అది ఎవరి మీద పడితే వారు చేసే పని. ఒకరే ఆట మొత్తం అక్కడ ఉండాలన్న నిర్బంధం కూడా లేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే, కాసేపట్లో నేను చెప్పబోయే 1872 మ్యాచ్‌లో గోల్‌కీపర్లు ఆట మధ్యలో స్థానాలు మార్చుకున్నారన్న కథనం మీకు వింతగా తోచదు.

ఆ స్థానంలో నిలబడ్డవాడికి రక్షణ కూడా అంతంతమాత్రమే. చేతులకు తొడుగులు లేవు. బంతి తోలుది, తాడుతో కుట్టినది. వాన పడితే నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది. గోల్ వెడల్పు ఇప్పటిలాగే 8 గజాలు, కానీ పైన కర్ర లేదు. రెండు స్తంభాల నడుమ 8 అడుగుల ఎత్తున ఒక పట్టీ కట్టేవారు. గాలికి అది ఊగుతుంది, మధ్యలో వేలాడుతుంది. వెనుక వల లేదు, కనుక బంతి పట్టీ కింద నుంచి పోయిందా, పై నుంచి పోయిందా అన్నది తేల్చవలసింది ఇరుపక్షాల అంపైర్లు. అన్నిటికన్నా కష్టమైనది, బంతి గోల్‌కీపర్ దగ్గర ఉన్నా లేకపోయినా ప్రత్యర్థులు అతన్ని భుజంతో గుద్ది నేల మీద పడగొట్టవచ్చు. 1890లలో ఆ నియమం మారేదాకా ఇదే పరిస్థితి. అందుకని ఆనాటి గోల్‌కీపర్ బంతిని పట్టుకుని నిలబడడం కన్నా పిడికిలితో గుద్దడమో, కాలితో దూరంగా తన్నడమో తెలివైన పనిగా భావించేవాడు. ఇంకొక చిన్న సంగతి కూడా చెప్పాలి. ఆనాటి నియమం ప్రకారం గోల్ పడ్డ ప్రతిసారీ రెండు జట్లూ వైపులు మార్చుకునేవి. అంటే గోల్ ఇచ్చుకున్న గోల్‌కీపర్, ఎదుటివాళ్ళ సంతోషం మధ్యలోంచి, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుచుకుంటూ పోవాలి.

ఇప్పుడు గ్లాస్గోకు వద్దాం. 1867 జూలై 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు ఎగ్లింటన్ టెరస్‌లోని మూడో నంబరు ఇంట్లో కొందరు యువకులు సమావేశమై ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. దానికి దగ్గర్లోని ఉద్యానవనం పేరు మీద క్వీన్స్ పార్క్ అని పేరు పెట్టారు. స్కాట్లండ్‌లో అసోసియేషన్ ఫుట్‌బాల్ చరిత్ర ఆ క్లబ్బుతోనే మొదలవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆడడానికి క్లబ్బు ఉంది గానీ ఎదురు ఆడేవాళ్ళు లేరు. తొలి ఏడాది సభ్యులు తమలో తామే రెండు జట్లుగా విడిపోయి ఆడుకున్నారు. అప్పటి కార్యదర్శి రాబర్ట్ గార్డ్‌నర్, వయసు ఇరవై ఒకటి.

1868 జూన్ 29న ఆయన థిసిల్ అనే క్లబ్బుకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. నన్ను అడిగితే ఆయన ఆట జీవితంలో మనకు దక్కిన అతి విలువైన సాక్ష్యం అదే, ఏ మ్యాచ్ వర్ణనా కాదు. ఆ ఉత్తరం సారాంశం ఇది. మీరు పంపిన ఉత్తరం అందింది, మా కమిటీ సమావేశమైంది, ఆగస్టు 1వ తేదీ శనివారం మా మైదానంలో మీతో స్నేహపూర్వకంగా ఆడడానికి సమ్మతమే, జట్టుకు ఇరవై మంది చొప్పున ఉందాం. ఇలాంటి ఎండాకాలంలో రెండు గంటల ఆట చాలునని మా అభిప్రాయం. మొదటి గంటలో ఎవరికీ గోల్ రాకపోతే అప్పుడు వైపులు మార్చుకుందాం, అలా చేస్తే గాలి, నేల వాలు ఇద్దరికీ సమానంగా కలిసివస్తాయి. మధ్యలో ఏదైనా అవాంతరం వచ్చి ఆట ఆగిపోకుండా, మీ బంతి కూడా ఒకటి వెంట తెచ్చుకోండి. ఇట్లు, కార్యదర్శి.

ఈ ఉత్తరంలో ప్రతి వాక్యం ఒక సమస్యను ముందే ఊహించి పరిష్కరిస్తోంది. ఎంతమంది, ఎంతసేపు, ఏ వైపు, బంతి పగిలితే ఏమిటి? ఇవాళ ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు, ఎందుకంటే జవాబులన్నీ నియమ పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. 1868లో గ్లాస్గోలో ఆ జవాబులు ఉత్తరాల ద్వారా, ఒక మ్యాచ్‌కు ఒకసారి చొప్పున, ఒక కుర్రవాడు కలం పట్టుకుని కుదుర్చుకోవలసి వచ్చింది. గోల్ పడకపోతే సగం ఆటలో వైపులు మార్చుకుందామన్న మాట మీద కాస్త ఆగండి. గోల్ పడినప్పుడు మాత్రమే వైపులు మారే పద్ధతిలో, గోలే పడకపోతే ఒక జట్టు రెండు గంటలూ గాలికి ఎదురీదాలి. ఆ అన్యాయాన్ని అందరికన్నా ముందు పసిగట్టేది ఎవరు? గాలికి ఎదురుగా గోల్ ముందు నిలబడేవాడు. ఆ రోజున గార్డ్‌నర్ ఏ స్థానంలో ఆడాడో నేను చెప్పబోవడం లేదు, ఆ ఆలోచన ఏ చూపు నుంచి పుడుతుందో మాత్రం చెబుతున్నాను. ఆగస్టు 1న జరిగిన ఆ మ్యాచ్‌లో క్వీన్స్ పార్క్ రెండు గోల్స్‌తో గెలిచింది.

1867లో పుట్టింది మొదలు 1875 జనవరి వరకు క్వీన్స్ పార్క్ ఎవరికీ ఒక్క గోల్ కూడా ఇచ్చుకోలేదని ప్రతీతి. ఈ ఘనతను పూర్తిగా గార్డ్‌నర్ ఖాతాలో వెయ్యాలని కొందరికి ఉబలాటం ఉంటుంది గానీ అది సరికాదు. క్లబ్బు ఏడాదికి ఆడిన మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, ప్రత్యర్థుల్లో చాలామంది ఆట కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, పైగా ఆ ఎనిమిదేళ్ళ చివరి భాగంలో గార్డ్‌నర్ ఆ క్లబ్బులోనే లేడు. అయినా ఒక విషయం నిజం: ఆ క్లబ్బు దాడి కన్నా ముందు పొందికను నేర్చుకుంది.

1871లో లండన్‌లో ఫుట్‌బాల్ సంఘం పేరిట ఎఫ్.ఏ. కప్ పోటీ ఆలోచన వచ్చినప్పుడు, ఆ వెండి కప్పు కొనడానికి క్వీన్స్ పార్క్ ఒక గినీ చందా పంపింది. అంటే 21 షిల్లింగులు. క్లబ్బు ఏడాది రాబడి అంతా కలిపి 6 పౌండ్ల లోపలే ఉండేది, కనుక వచ్చిన డబ్బులో ఆరో వంతుకు పైగా తాము ఎన్నడూ కళ్ళజూడని కప్పు కోసం ఇచ్చేశారన్నమాట. ప్రయాణ భారం చూసి నిర్వాహకులు వారిని మొదటి అంచెల నుంచి మినహాయించడంతో వారు నేరుగా సెమీఫైనల్‌కు చేరారు. 1872 మార్చి 4న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో, ఆ కాలపు మేటి జట్టయిన వాండరర్స్‌తో గార్డ్‌నర్ నాయకత్వంలో ఆడి, గోల్స్ ఏవీ లేకుండా సమంగా నిలిచారు. మళ్ళీ ఆడి తేల్చుకోవాలి. మళ్ళీ ఆడాలంటే ఇంకొన్నాళ్ళు లండన్‌లో ఉండాలి, లేదా గ్లాస్గో వెళ్ళి మళ్ళీ రావాలి. చందాలు వేసుకుని వచ్చినవాళ్ళ దగ్గర దానికి డబ్బు లేదు, ఉద్యోగాలకు అన్నిరోజులు సెలవూ లేదు. పోటీ నుంచి తప్పుకుని రైలెక్కారు. వాండరర్స్ ఫైనల్లో రాయల్ ఇంజినీర్స్‌ను ఒక్క గోల్‌తో ఓడించి కప్పు తీసుకుంది.

అమెచ్యూర్ యుగం గురించి మాట్లాడేటప్పుడు డబ్బు కోసం కాక ఆట కోసమే ఆడిన ఉదాత్తుల కాలమని కీర్తించడం రివాజు. క్వీన్స్ పార్క్ ధ్యేయవాక్యం కూడా ఆడడం కోసమే ఆడాలని చెబుతుంది. నేను ఆ మాటను తక్కువ చెయ్యను. కానీ ఓడిపోకుండా, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా, రైలు టికెట్టుకు డబ్బు చాలక కప్పు వదులుకోవడం కూడా అదే అమెచ్యూరిజంలో భాగం. తీరికా, ఆస్తీ ఉన్న లండన్ పెద్దమనుషులకు ఆ ఆదర్శం ఉచితంగా దొరికింది, గ్లాస్గో వాళ్ళు దానికి ధర చెల్లించారు.

ఆ ఏడాదే, అక్టోబరు 3న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఒక జట్టును గ్లాస్గో పంపాలని తీర్మానించింది. అంతకు ముందు ఓవల్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ పేర్లతో అయిదు మ్యాచ్‌లు జరిగాయి గానీ వాటిలో స్కాట్లండ్ తరఫున ఆడినవాళ్ళు ఎక్కువగా లండన్‌లో కాపురమున్నవాళ్ళే, అందుకని వాటిని చరిత్రకారులు అధికారిక మ్యాచ్‌లుగా పరిగణించరు. ఈసారి స్కాట్లండ్ గడ్డ మీద ఆడాలి. అయితే స్కాట్లండ్‌లో అప్పటికి ఫుట్‌బాల్ సంఘమే లేదు, అది మరుసటి ఏడాది మార్చిలో పుట్టింది. జట్టును ఎవరు ఎన్నుకోవాలి? ఆ బాధ్యత క్వీన్స్ పార్క్ మీద, అంటే కెప్టెన్ గార్డ్‌నర్ మీద పడింది. ఇంగ్లండ్‌లో ఆడుతున్న ఆర్థర్ కినెయిర్డ్, హెన్రీ రెనీ టెయిల్యర్ అనే ఇద్దరు స్కాట్లండ్ మూలాల ఆటగాళ్ళను అడిగారు గానీ వాళ్ళకు వీలుపడలేదు. చివరికి పదకొండు మందీ క్వీన్స్ పార్క్ సభ్యులే అయ్యారు. ఎంపిక చేసినవాడు తనను తాను గోల్ దగ్గర పెట్టుకున్నాడు.

1872 నవంబరు 30, శనివారం, స్కాట్లండ్ వాళ్ళు పండుగగా జరుపుకునే సెయింట్ ఆండ్రూ దినం. వేదిక గ్లాస్గో పక్కన పార్టిక్‌లో హామిల్టన్ క్రెసెంట్ అనే క్రికెట్ మైదానం. ముందు మూడు రోజులు వానలు కురిసి నేల మెత్తబడి ఉంది. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు, స్త్రీలకు ఉచితం. సుమారు 4,000 మంది వచ్చారు. స్కాట్లండ్ ఆటగాళ్ళు ముదురు నీలం చొక్కాలు, తెల్లని నిక్కర్లు, తలకు ఎర్రని కుచ్చు టోపీలు ధరించారు. ఇంగ్లండ్ వాళ్ళవి తెల్ల చొక్కాలు. ఫొటోగ్రాఫరు ఒకడు వచ్చాడని, ప్రతులు కొంటామని ఆటగాళ్ళు హామీ ఇవ్వకపోవడంతో ఫొటో తియ్యకుండానే వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. ప్రపంచంలో మొదటి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఫొటో లేకపోవడానికి కారణం అదే అయితే, ఆటగాళ్ళ జేబుల సంగతి మనకు మరోసారి అర్థమవుతుంది. విలియం రాల్‌స్టన్ గీసిన బొమ్మలు మాత్రం డిసెంబరులో గ్రాఫిక్ పత్రికలో అచ్చయ్యాయి.

ఆట పావుగంటకు పైగా ఆలస్యంగా మొదలైంది. ఇంగ్లండ్ కెప్టెన్ కుత్‌బర్ట్ ఒటవే. ఆ జట్టు దాదాపు అందరినీ ముందు వరుసలో పెట్టి, ఒక్కొక్కడూ బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని దూసుకుపోయే పద్ధతిలో ఆడింది. స్కాట్లండ్ ఇద్దరిని వెనుక, ఇద్దరిని మధ్యలో, ఆరుగురిని ముందు నిలిపింది. ఇంగ్లండ్ వాళ్ళు మనిషికి సగటున 2 స్టోన్లు, అంటే పన్నెండు కిలోలకు పైగా, ఎక్కువ బరువున్నారని, వేగంలో కూడా వాళ్ళదే పైచేయి అని, స్థానిక జట్టు బలమల్లా కలిసికట్టుగా ఆడడంలో ఉందని గ్లాస్గో హెరాల్డ్ పత్రిక రాసింది. భుజంతో గుద్దడం చెల్లుబాటయ్యే ఆటలో మనిషికి పన్నెండు కిలోల తేడా అంటే ఏమిటో గోల్ ముందు నిలబడ్డవాడికి బాగా తెలుస్తుంది. అంత బరువును ఎదుర్కోవడానికి ఉన్న ఒకే ఉపాయం, ఆ బరువు మీదికి వచ్చేలోపు బంతిని పక్కవాడికి అందించడం. ఆ పద్ధతికే ఆ తరువాత ఇంగ్లండ్ క్లబ్బులు స్కాట్లండ్ ఆటగాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాయి.

చెప్పకుండా ఉండలేని పిట్టకథ ఒకటుంది. ఇంగ్లండ్ జట్టులో చార్ల్స్ క్లెగ్ అనే షెఫీల్డ్ యువకుడు ఆడాడు, తరువాతి కాలంలో ఆయన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షుడయ్యాడు. ఆ మ్యాచ్‌లో దక్షిణాది దొరలెవరూ తనతో మాట్లాడలేదని, తనకు బంతి అందించలేదని ఆయన తరువాత వాపోయాడు. ఒక జట్టు ఒకే క్లబ్బు, రోజూ కలిసి ఆడేవాళ్ళు. రెండో జట్టులో ఒకరి మొహం ఒకరు సరిగా చూడని తొమ్మిది క్లబ్బుల వాళ్ళు. ఆ తేడాను గార్డ్‌నర్ ఎంపిక సమకూర్చిందనడం అతిశయోక్తి కాదు, కొంత పరిస్థితుల బలవంతం ఉన్నప్పటికీ.

సగం ఆట అయ్యేసరికి గోల్ లేదు. వైపులు మారాయి. రెండో భాగంలో గార్డ్‌నర్ గోల్ వదిలి ముందుకు వెళ్ళాడని, రాబర్ట్ స్మిత్ ఆ స్థానంలోకి వచ్చాడని, ఇంగ్లండ్ వైపు కూడా రాబర్ట్ బార్కర్ బదులు విలియం మేనార్డ్ గోల్ కాశాడని కథనాలున్నాయి. ఆట చివర్లో స్కాట్లండ్ ఆటగాడు రాబర్ట్ లెకీ కొట్టిన బంతి ఇంగ్లండ్ గోల్ పట్టీ మీద పడింది. కింద నుంచి పోయిందనుకుని జనం కేకలు వేశారు, పోలేదు. మ్యాచ్ గోల్స్ లేకుండా ముగిసింది. టికెట్ల మీద వచ్చిన సొమ్ము సుమారు 103 పౌండ్లు. ఖర్చులు పోను మిగిలిన 30 పౌండ్ల పైచిలుకును తిరుగు మ్యాచ్ కోసం దాచారు.

ఆ దాచిన డబ్బు ఎంతవరకు సరిపోయిందో 1873 మార్చి 8న ఓవల్‌లో తేలింది. గ్లాస్గో నుంచి ఎనిమిది మందికే రైలు ఖర్చులు సరిపోయాయి. మిగతా ముగ్గురిని, కినెయిర్డ్‌తో సహా, లండన్ ప్రాంతంలో ఉన్న స్కాట్‌లలోంచి తీసుకున్నారు. నాలుగు నెలల క్రితం జట్టుకు ఉన్న పొందిక అక్కడే సడలింది. ఆట మొదలై ఊపిరి తీసుకునేలోపే విలియం కెన్యన్ స్లేనీ అనే సైనికాధికారి గార్డ్‌నర్‌ను దాటించి బంతి కొట్టాడు. అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అదే మొట్టమొదటి గోల్. కాబట్టి అంతర్జాతీయ మ్యాచ్‌లో తొలి గోల్ ఇచ్చుకున్న గోల్‌కీపర్ కూడా మన గార్డ్‌నరే. మనవాళ్ళకు ఆసక్తి కలిగించే విషయం, ఆ గోల్ కొట్టిన కెన్యన్ స్లేనీ పుట్టింది గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో. అదే మ్యాచ్‌లో స్కాట్లండ్ తరఫున తొలి అంతర్జాతీయ గోల్ కొట్టిన రెనీ టెయిల్యర్ పుట్టింది ముస్సోరీలో. సామ్రాజ్యం ఎక్కడెక్కడి పిల్లలను ఏ మైదానానికి చేర్చిందో చూడండి. ఇంగ్లండ్ 4–2తో గెలిచింది. నియమం ప్రకారం ఆరుసార్లు వైపులు మారాలి, వాటిలో నాలుగుసార్లు గార్డ్‌నర్ తలవంచుకుని నడిచి ఉంటాడు.

ఆ తరువాత ఆయన క్వీన్స్ పార్క్ వదిలి క్లైడ్స్‌డేల్‌కు మారాడు. అది ఒక క్రికెట్ క్లబ్బు నుంచి పుట్టిన ఫుట్‌బాల్ జట్టు, స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘపు మొదటి అధ్యక్షుడు ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ కూడా ఆ క్లబ్బువాడే. తాను ఉత్తరాలు రాసి నిలబెట్టిన క్లబ్బును గార్డ్‌నర్ ఎందుకు వదిలాడన్న దాని మీద ఊహాగానాలు చెయ్యను. ఫలితం మాత్రం నాటకీయంగా ఉంది. 1874 మార్చి 21న జరిగిన మొట్టమొదటి స్కాటిష్ కప్ ఫైనల్లో క్లైడ్స్‌డేల్‌కు ఎదురైంది క్వీన్స్ పార్కే. తాను కెప్టెన్‌గా నడిపిన మనుషులు, ఇంగ్లండ్ గోల్ పట్టీ మీదికి బంతి కొట్టిన లెకీతో సహా, ఈసారి ఆయన గోల్ మీదికి వచ్చారు. క్వీన్స్ పార్క్ 2–0తో గెలిచింది.

ఆ ఫైనల్‌కు రెండు వారాల ముందే, మార్చి 7న, హామిల్టన్ క్రెసెంట్‌లో ఇంగ్లండ్‌ను స్కాట్లండ్ మొదటిసారి ఓడించింది, 2–1తో. గోల్‌లో గార్డ్‌నరే. 1875 మార్చి 6న ఓవల్‌లో 2–2. ఆ మ్యాచ్‌కు ఇంగ్లండ్ గోల్‌కీపర్ విలియం కార్ పావుగంట ఆలస్యంగా చేరాడు, అంతవరకూ ఇంగ్లండ్ పదిమందితోనే ఆడింది. జాతీయ జట్టు గోల్‌కీపర్ ఎప్పుడొస్తాడో తెలియకుండా మ్యాచ్ మొదలుపెట్టేశారంటే, ఆ స్థానానికి ఆ కాలం ఇచ్చిన విలువ మీకు తెలిసిపోతుంది.

తరువాత మూడేళ్ళు ఆయన జాతీయ జట్టులో కనిపించడు. 1878 మార్చి 2న, ముప్ఫై ఏళ్ళ వయసులో, హాంప్‌డెన్ పార్క్‌లో చివరిసారి వచ్చాడు. స్కాట్లండ్ 7–2తో ఇంగ్లండ్‌ను చిత్తు చేసింది, జాన్ మెక్‌డూగల్ మూడు గోల్స్ కొట్టాడు. ఆ రోజున గోల్‌కీపర్‌కు పెద్దగా పని ఉండి ఉండదు. మొత్తం అయిదు మ్యాచ్‌లకు తొమ్మిది గోల్స్ ఇచ్చుకున్నాడు, వాటిలో నాలుగు ఒక్క 1873 నాటివే. తక్కిన నాలుగు మ్యాచ్‌లలో జట్టు రెండు గెలిచి, రెండు సమం చేసుకుంది. స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘానికి కూడా ఆయన కొంతకాలం అధ్యక్షుడిగా పనిచేశాడు.

ఇలా ఉద్యోగమూ, ఆటా, సంఘం పనీ ఒకే మనిషి మొయ్యడం మనకు మరీ పరాయి విషయమేమీ కాదు. భారత ఫుట్‌బాల్‌లో అది ఇరవయ్యో శతాబ్దం సగం దాటినా కొనసాగింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు దేశంలో మేటిగా వెలిగిన రోజుల్లో అందులోని ఆటగాళ్ళు జీతం తీసుకున్నది పోలీసు ఉద్యోగానికే. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ సైన్యంలో ఉద్యోగం చేస్తూ 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. తేడా ఏమిటంటే, తంగరాజ్ కాలానికి గోల్‌కీపింగ్ ప్రత్యేక విద్యగా స్థిరపడింది, ఆయనను ఎంచుకున్నది ఆ విద్య కోసమే. గార్డ్‌నర్ కాలంలో అలాంటి విద్య ఒకటి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

దాన్ని విద్యగా మార్చినవి తరువాతి నియమాలే. 1882లో పట్టీ బదులు అడ్డుకర్ర తప్పనిసరి అయింది. 1891లో పెనాల్టీ కిక్, గోల్ వల వచ్చాయి. పెనాల్టీ వచ్చాక మొదటిసారిగా ఆట మొత్తం ఆగి, అందరి చూపూ ఒక్క గోల్‌కీపర్ మీద నిలిచింది. ఈలోగా డబ్బు సంగతి కూడా తేలింది. జీతం తీసుకుని ఆడడాన్ని ఇంగ్లండ్ 1885లో అంగీకరించింది. స్కాట్లండ్ 1893 దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్న తరువాత కూడా క్వీన్స్ పార్క్ మాత్రం తన పట్టు వదలక, 2019 వరకు అమెచ్యూర్ క్లబ్బుగానే కొనసాగింది, ఆ క్లబ్బు పెరిగి పెద్ద చేసిన కుర్రవాళ్ళను జీతమిచ్చే క్లబ్బులు తీసుకుపోతున్నా సరే.

వీటిలో చాలావాటిని గార్డ్‌నర్ చూడలేదు. ఫోర్త్ నది మీద పెద్ద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, దాని దక్షిణపు ఒడ్డున ఉన్న సౌత్ క్వీన్స్‌ఫెర్రీ ఊళ్ళో ఆయన మరణించాడు. స్కాట్లండ్‌లో ఆటకు జీతం చట్టబద్ధం కావడానికి అప్పటికి ఇంకా ఆరేళ్ళు ఉంది.

1872 మ్యాచ్‌లో గోల్‌కీపర్ల మార్పిడి గురించి, తొలి నియమాల గురించి సందేహాలు ఉంటాయని నాకు తెలుసు. ఆ చర్చకు కేటాయించిన సమయం ఇంకా ఉంది కనుక, అడగదలచినవారు ఇప్పుడు అడగవచ్చు. నమస్కారం.